రివిజన్ సి

సోహార్‌ల జూన్ నెల.
పగలు పోస్తే కాంక్రీటు పగులుతది,
రాత్రే పోస్తం.
తెల్లారి చూస్తే శ్లాబుకు
పైపులు దిగాల్సిన పన్నెండు చోట్ల
ఒక్క కంత లేదు.

గోడకున్నది రివిజన్ బి.
సి వచ్చి నాలుగు దినాలు,
నా టేబుల్ మీదనే ఉన్నది
కుబ్బూస్ కింద, పప్పు మరకతోని.
మరక సరిగ్గ కంతలు గీసిన కాడ.

"ఫోన్ల చెప్పిన గదా" అన్నడు ఇంజనీర్ షెరీఫ్.
చెప్పిండు. అబద్ధమెందుకు.
ఫోన్ల మాటకు తారీఖు లేదు, సంతకం లేదు,
నాకు యాది లేదు.

ఆరు దినాలు కటింగ్ మిషన్ ఒర్రింది.
తడి సిమెంటు మొకం మీద చిమ్ముతుంటె
గంగనర్సు
నా తప్పును గుండ్రంగ కోసి
ఒక్కొక్క ముక్కే పక్కకు పెట్టిండు.
ఒక్క మాట అనలే.
తిడితే బాగుండు.

ఇప్పుడు గోడ మీద
పాతది దిగినంకనే కొత్తది ఎక్కుతది.
దిగినదాని మీద ఎర్ర ముద్ర: రద్దు.
"సరే" అన్నా రాసియ్యమంట.
నవ్వుతరు.
రాసిస్తరు.

కాగితాల మీద గింత బరువెందుకన్నా
అని అడుగుతడు కొత్తగ వచ్చిన పోరడు.
గుండ్రటి కాంక్రీటు ముక్క అది.
ఎత్తి చూడు అంట,
రెండు చేతులతోని.