పక్కన తీసిన పిడికెడు

చాపెల్ తాళంచెవి నా దగ్గరే ఉంటుంది,
నలభై ఏళ్ళుగా ఏప్రాన్ జేబులో
రుమాలుతో, గొర్రెల మందు చీటీలతో కలిసి.
పలకరాయి గని మూతబడ్డాక
ఈ వేల్స్ కొండకింద మిగిలింది
వానా, గొర్రెలూ, మేం తొమ్మిదిమందిమి.
మూడొందలమంది పట్టే బల్లల మీద
దూరదూరంగా కూర్చుంటాం.
ఎవరి చోటు వాళ్ళది.
పోయినవాళ్ళ చోట్లు కూడా వాళ్ళవే.

అక్కడికి వచ్చాడు రోసాంగా,
మిజో కొండలనుంచి, మాకు సువార్త చెప్పడానికి.
చేతిలో గిటారు, ఒంటిమీద పలచని కోటు.
మొదటి ఆదివారం మా భాషలోనే పలకరించాడు.
ఎంత తప్పుగా అంటే
ఎమ్రిస్ కీర్తనల పుస్తకంలో మొహం దాచుకున్నాడు.

మా నాయనమ్మ చెల్లెలు గ్వెన్‌లియన్
ఒకప్పుడు ఆ కొండలకే ఓడెక్కింది.
ఆమె ఉత్తరాలు నా దగ్గర బిస్కట్ల డబ్బాలో ఉన్నాయి.
'ఇక్కడ అంతా చీకటి' అని మొదలవుతాయి.
చిన్నప్పుడు చదివి
అక్కడ దీపాలు లేవు కాబోలనుకున్నాను.
పెద్దయ్యాక చదివితే సిగ్గేసింది.
చివరి ఉత్తరంలో మాత్రం ఆ మాట లేదు:
'వీళ్ళు పాడుతుంటే నా గొంతు చాలడం లేదు.'
అంతే. కింద సంతకం కూడా లేదు.

అందుకే ఒకరోజు టీ పోస్తూ అడిగేశాను:
'మీవాళ్ళకి మా గురించి ఏం రాస్తావు?
మేం చీకట్లో ఉన్నామనా?'
చెవులదాకా ఎర్రబడ్డాడు.
జేబులోంచి ఫోను తీసి
తడబడుతూ తర్జుమా చేసి వినిపించాడు:
'తొమ్మిదిమంది. పైకప్పు కారుతోంది.
మెరెరిద్ గారి కుడి మోకాలు వాచింది.
ప్రార్థించండి.'

మోకాలా!
నేను పేరు కూడా పలకలేని ఊళ్ళో,
వెదురు కొండల మీద, బుధవారం సాయంత్రం,
రెండొందలమంది లేచి నిలబడి
నా మోకాలి కోసం కళ్ళు మూసుకున్నారట.
మా డాక్టరే దాన్ని సరిగ్గా చూడలేదు.

'నీ విమానం టికెట్టు ఎవరు కొన్నారు?' అన్నాను,
మాట మార్చడానికి.
'మా అమ్మ' అన్నాడు. 'అమ్మలందరూ.'
పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు
ఒక పిడికెడు పక్కకి తీస్తారట.
నెలకోసారి సంఘంవాళ్ళు వచ్చి
ఇంటింటా కొలుచుకుని పోతారు. అమ్ముతారు.
గింజలు రూపాయలై,
రూపాయలు ఎక్కడికో వెళ్ళే మనిషవుతాయి.
'కరువు ఏడాదిలో కూడానా?'
'అప్పుడు అమ్మ పిడికిలి బిగించి తీసేది.
తియ్యడం మాత్రం మానలేదు.'

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.
అతను చెప్పే ప్రసంగాలు సగం నాకెక్కవు.
లోకమంతా ఒకే పాట పాడాలన్న ఆ తొందర
గ్వెన్‌లియన్‌లోనూ నాకు నచ్చలేదు,
ఇతనిలోనూ నచ్చదు.
అడగని ఇంటి తలుపు తట్టడం
మా అమ్మ నేర్పిన మర్యాద కాదు.
కానీ ఎవరో ఆడమనిషి
నన్నెప్పుడూ చూడని మనిషి
తన కంచంలోంచి నాకోసం తగ్గించుకుంది.
దానికి ఏం జవాబు చెప్పాలి?

మా ఇంట్లో బియ్యం ఉండదు,
ఎప్పుడైనా ఆదివారం పాలల్లో ఉడికించే పుడ్డింగుకి తప్ప.
మర్నాడు బంగాళాదుంపలు తొక్క తీస్తూ
ఒకటి పక్కన పెట్టాను.
మూడోరోజు కూడా.
సింకు కింద ఇనప బకెట్టులో.

'ఎవరికి ఇవి?' అన్నాడు ఎమ్రిస్.
తెలీదన్నాను.
'మరెందుకు?'
నోరుమూసుకుని టీ తాగమన్నాను.

ఏప్రిల్ వచ్చింది. మోకాలు అలాగే ఉంది.
బకెట్టులో దుంపలు మొలకెత్తాయి,
తెల్లటి వేళ్ళలాంటి మొలకలు
గుడ్డిగా తడుముకుంటూ
తలుపు సందులోంచి వెలుతురు వచ్చే వైపుకి.
వండబుద్ధి కాదు. పారెయ్యబుద్ధీ కాదు.

రేపు ఆదివారం.
గంట ముందే వెళ్ళి తాళం తీసి
హీటరు వెయ్యాలి.
ఆ పిల్లాడి కోటు మరీ పలచన.