పిండే నూరు

కుతైసీలో, రియోనీ వంతెన దిగగానే
నేలమాళిగలో ఎతేరి రొట్టెల బట్టీ.
పనిలో చేరిన రోజు గోడ మీద సుద్దముక్కతో రాసి చూపింది:
పిండి నూరు, నీళ్ళు అరవై ఐదు,
ఉప్పు రెండు, ఈస్టు ఒకటి.
కూడితే నూట అరవై ఎనిమిది.
లెక్కల్లో తప్పి బడి మానేసినదాన్నే అయినా
"ఎక్కడైనా శాతం నూరు దాటుతుందా?" అని నవ్వాను.
ఆమె నవ్వలేదు.
"పిండే నూరు. మిగతావన్నీ
దాని మొహం చూసి కొలుచుకోవాలి."

నేను వినలేదు.
మర్నాడు పది కిలోల పిండికి
నీళ్ళతో తడిపిన ముద్దనంతా తూచి
అందులో నూటికి రెండు ఉప్పు వేశాను.
రెండువందల గ్రాములు పడాల్సిన చోట
మూడువందల ముప్పై పైచిలుకు.
కొన్నవాళ్ళంతా మధ్యాహ్నానికి తిరిగొచ్చారు,
నోళ్ళు పిడచగట్టుకుని.
ఎతేరి డబ్బులు వెనక్కిచ్చి, ఒక ముక్క నమిలి,
రెండు గ్లాసుల నీళ్ళు తాగి
"దేనిలో రెండు? ముందు అది అడుగు" అంది.

గోధుమలు ప్రియమైన శీతాకాలం
నూటయాభై తెత్రీల రొట్టెకి నూటికి ఇరవై పెంచాం.
నూట ఎనభై.
వరస పలచబడింది. తలుపు దగ్గర మంచు మాత్రం నిలబడింది.
వారం తిరక్కుండా ఇరవై తగ్గించి
"పాత ధరే" అని అట్టముక్క వేలాడదీశాను.
ట్రాలీబస్సు నడిపి రిటైరైన సెవెరియాన్
చిల్లర లెక్కపెట్టి నా వైపు చూశాడు:
"నూట నలభై నాలుగే తీసుకున్నావు.
ఆ ఆరూ ఎటు పోయాయి?"
ఎక్కిన మెట్లే దిగాననుకున్నాను.
ఎక్కేటప్పటి మెట్టూ దిగేటప్పటి మెట్టూ
ఒకే ఎత్తు కాదట.
ఆరు తెత్రీలు బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

అప్పట్నుంచీ రేడియో, వాన నలభై శాతం అంటే
ఎక్కడి నలభై, మా వీధిదా అనుకుంటాను.
చెప్పుల దుకాణం సగం ధర అంటే
చీటీ కింద ఇంకో చీటీ గోకి చూస్తాను.

మార్చిలో జుంబెర్ బట్టీలోకి వంగి
లేవలేకపోయాడు.
ఆసుపత్రిలో కాగితం చూసి డాక్టరు
"గుండె నూటికి ముప్పై ఐదే" అన్నాడు.
నాకు కాళ్ళు చల్లబడ్డాయి.
ఎతేరి, గోళ్ళలో పిండితో, కుర్చీ ముందుకి లాక్కుంది:
"దేనిలో ముప్పై ఐదు?"
డాక్టరు కళ్ళజోడు తీశాడు.
ఏ గుండే నిండిన నెత్తురంతా చిమ్మదట.
అరవై పాళ్ళు తోస్తే
అది బాగున్న గుండేనట.
మందుల చీటీ వెనక ఆమె భాగించింది, గుణించింది.
యాభై ఎనిమిది.
"సగం కంటే ఎక్కువే ఉన్నాడు" అంది.
బస్సులో, దారి పొడుగునా, అదొక్కటే మాట.

ఇప్పుడు రోజూ చివరి ముద్ద విడిగా పిసుకుతుంది.
అందులో ఉప్పు ఒకటే.
జుంబెర్ రొట్టె మొన విరిచి నమిలి మొహం ముడుచుకుంటాడు:
"సగం ఉప్పు మింగేశావు."
"నూటికి ఒక్కటేగా తగ్గించింది."
"సగం!"
"ఒకటి!"
ఇద్దరి లెక్కా సరైందే. నేను కలగజేసుకోను.
బట్టీ గోడకి అతికిన రొట్టె ఒకటి
ఊడి బూడిదలో పడింది,
అది తీయాలి.