ముప్పై ఒకటో గొర్రె

జులై. తకువారెంబో ఊరికి దూరంగా రెండు గదుల బడి.
చలికాలపు వాన రేకుల మీద మొన్నటి నుంచీ
ఒకే మాట చెబుతోంది.
కట్టెల పొయ్యి పక్కన, వేడి మాతే నింపిన సొరబుర్ర ఒళ్లో పెట్టుకొని
నాలుగో తరగతి పిల్లలు చేసిన ఆటలు ఆడుతున్నాను నేను,
నెలీదా అర్రోస్పిదె, యాభై మూడేళ్లు,
ఇంతవరకు ఏ వీడియో గేమూ గెలిచిన దాన్ని కాను.

చేతిలో మార్కుల పట్టిక. రాజధాని నుంచి వచ్చింది.
ఆలోచనకి నాలుగు, కోడ్‌కి ఎనిమిది.
లూప్ వాడారా, షరతు పెట్టారా,
పక్కవాళ్లతో ఆడించి తప్పులు దిద్దుకున్నారా.
చివర సూచనలకి ఒక గడి,
నా బొటనవేలంత.

ముందు సీమేనా ఆట తెరిచాను.
నక్క కళ్లార్పుతుంది, ఏరు కదులుతుంది, వెనక సంగీతం కూడా.
మరీ బాగుంది.
లోపల ఒక మూల వేరియబుల్ పేరు చూశాను:
సీమే_దీన్ని_ముట్టుకోకు.
అక్క చెయ్యి.
ఇందులో ఏ ముక్క నీదని రేపు అడగాలి.
తోక అంటుందేమో.
తోకకి వేస్తాను మార్కులు.

బెనిగ్నో ఆటలో మనిషి నేలలోంచి జారి
కిందికి, ఇంకా కిందికి పడుతూనే ఉంటాడు.
పొయ్యిలో కట్టె ఎగదోసి వచ్చాను,
ఇంకా పడుతున్నాడు.
ఇది తప్పు కదరా అని పొద్దున అడిగితే
రెప్ప కూడా కదపకుండా చెప్పాడు:
"అది రెండో లెవెల్, టీచర్."

ఇక ఉలీసెస్.
గొర్రెలు తీగ కంచె దూకాలి. మీట నొక్కితే దూకుతాయి.
మూడుసార్లు తీగ తగిలితే ఆట అయిపోతుంది. అంతే.
కోడ్ తెరిచి కిందికి జరుపుతున్నాను, జరుపుతున్నాను,
అదే ముక్క, మళ్లీ అదే, మళ్లీ అదే,
నలభై ఏడు సార్లు.
మూడు వారాలు చెప్పానే లూప్ గురించి!
బల్లల చుట్టూ పరిగెత్తించి మరీ చెప్పానే!
ఎర్ర కలం తీశాను. సున్నా.
గొర్రెదాటుకి లూప్ కాక ఇంకేం కావాలి?
ఒకటి దూకితే అన్నీ దూకుతాయి,
లోకమెరిగిన సంగతే కదా.

మర్నాడు వాన వల్ల ఎవరూ బయటికి పోని విరామంలో పిలిచాను.
"పది వరసల పనికి ఇంత పొడుగెందుకురా?"
బూట్ల బురద వంక చూసుకుంటూ అన్నాడు,
"అప్పుడు అన్నీ ఒకేలా దూకుతాయి కదా."
నలభై ఏడూ వాళ్ల నాన్న గొర్రెలు.
వేలు పెట్టి చూపించాడు.
ఐదోదానికి తొందర, నొక్కీ నొక్కకముందే లేస్తుంది.
పన్నెండోది తల్లి దాటాకే దాటుతుంది.
ఇరవై రెండోది దూకనే దూకదు, తీగ కింద దూరిపోతుంది.
"అక్కడ మీట నొక్కకూడదు టీచర్, ఊరికే చూస్తుండాలి."
ముప్పై ఒకటోదానికి ఒక ముక్క ఎక్కువ:
రెండు సెకన్లు ఆగు.
"అది కుంటిది."
"ఆ సంగతి ఆడేవాళ్లకెలా తెలుస్తుంది?"
కాసేపు ఆలోచించాడు.
"ఓడిపోతే తెలుస్తుంది."

సున్నా కొట్టేయలేదు. వాడికి లూప్ రాదు, అది నిజం.
లూప్ తిరుగుతూనే ఏ గొర్రె తీరు ఆ గొర్రెకి
దాచిపెట్టే జాబితా ఒకటుందట.
వచ్చే వారం నేర్పాలి.
ముందు నేను నేర్చుకోవాలి.
ఆలోచన దగ్గర నాలుగుకి నాలుగు వేసి
సూచనల గడిలో రాయడం మొదలుపెట్టాను.
ఎంత చిన్నగా రాసినా
పక్కనున్న బెనిగ్నో పేరు మీదికి పాకింది.

రాత్రి పదకొండు. వాన తెరిపి ఇచ్చింది.
మార్కులతో పని లేదు, అయినా మళ్లీ తెరిచాను.
ఐదు దాటింది. పన్నెండు దాటింది.
ఇరవై రెండు దగ్గర చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.
ముప్పై.
తరవాతది కుంటిదని తెలుసు,
ఆగాలని తెలుసు,
తెలిసి కూడా నొక్కాను.
తీగ మోగింది.