సున్నా

మధురవాడ ఫ్లాటులో, ఆరో అంతస్తులో
కిటికీ గట్టు మీద వేలు పెట్టి గీస్తాను.
ఏమీ అంటదు.
అప్పుడు మొదలవుతుంది.

సాయంత్రం నాలుగున్నరకి, ఎండ పల్చబడే వేళ
వన్ టౌన్‌లో మా రెండు గదుల వాటా
రేవు క్రేన్ల చప్పుడుతో సహా వచ్చి
గొంతులో కూర్చుంటుంది.
ఊరు వదిలి పోయినదాన్ని కాను.
ఇదే ఊళ్లో, బస్సు మారితే గంటన్నర దూరంలో ఉన్నాను.
అయినా దీన్ని బెంగ అనే అంటారా?

అక్కడ అన్నిటి మీదా బుగ్గే.
ఓడల్లోకి ఎత్తే ఇనప రాతి బుగ్గి,
ఆరేసిన లంగాల మీద, మూత పెట్టిన అన్నం మీద,
నాన్న చొక్కా కాలరు మడతలో.
అమ్మ రోజుకి మూడుసార్లు తుడిచి మూడుసార్లు తిట్టేది
పోర్టునీ, గాలినీ,
ఈ సంబంధం తెచ్చిన పేరయ్యనీ.
ఆ గట్టు మీదే నేను అక్షరాలు దిద్దాను.
పలక కంటే నల్లగా ఉండేది.

చెయ్యాల్సినవన్నీ చేసి చూశాను.
అవసరం లేకపోయినా కాకరకాయలు తరిగాను.
బీరువా సర్దాను.
ఓ గురువారం బస్సెక్కి పోయాను కూడా.
మా వాటాలో ఇప్పుడు కొరియర్ ఆఫీసు.
కుర్రాడొకడు తలెత్తి "ఏటి కావాలమ్మా?" అన్నాడు.
పార్సిల్ ఏమైనా వచ్చిందా అన్నాను.
పేరడిగాడు. చెప్పాను.
పాపం, నిజంగానే వెతికాడు.

నిన్న పెందుర్తికి ఫోను చేశాను, అక్కకి.
"బుగ్గి గుర్తుందా నూకరత్నం?"
అవతల కాసేపు గొంతు సవరింత.
"పిచ్చేటే నీకు? మరిచిపోడానికేటుంది,
నా ఊపిరితిత్తుల్లోనే ఉంది కదా.
పొద్దున్న రెండు, రాత్రి రెండు, పంపు పీలుస్తన్నాను."

సిగ్గేసింది.
ఇన్నాళ్లూ నేను ముద్దు చేస్తున్నది
దీని దగ్గునా?

పెట్టేద్దామనుకుంటుంటే తనే అంది:
"ఐనా ఆ గట్టు మీద నా పేరు రాసి
చివర సున్నా ఎగ్గొట్టీదానివి కదే.
ఈదిలో అందరూ నూకరత్న, నూకరత్న అని
ఏడిపించీవోరు."
నవ్వింది. నవ్వుతో దగ్గొచ్చింది.
అది ఆగేదాకా
ఇద్దరం ఫోను పట్టుకునే ఉన్నాం.

ఇవాళ నాలుగున్నరకి మళ్లీ వచ్చింది.
కుక్కరు ఆవిరికి వంటింటి అద్దం మసకబారి ఉంది.
వేలితో రాశాను, నూకరత్నం.
సున్నా బాగా పెద్దది.
దాని గుండ్రంలోంచి కాసేపు
ఎదురు మేడ మీది నీళ్ల ట్యాంకూ, దాని మీద ఒక కాకీ కనబడ్డాయి.
తర్వాత అదీ చెమ్మై జారిపోయింది.
ఎన్ని కూతలయ్యాయో
లెక్క తప్పాను.