బొడ్డు మార్పిడి

జూన్ వాన. వల్పరైసోలో, కార్డిల్లెరా కొండ మెట్ల మీద
నీళ్లు మనుషులకంటే ముందే దిగిపోతున్నాయి.
ఓనోఫ్రె ఒక్కడే ఎదురెక్కి వచ్చాడు
చంకలో రొట్టెల సంచి,
సంచిలో, రొట్టెల వేడి తగులుతూ, చేతిలో పట్టే గేమ్ కన్సోల్.

"పెద్ద పనేం కాదు" అన్నాడు.
పెద్ద పని తెచ్చేవాళ్లంతా అనే మాటే.
వెనకవైపు రెండు మీటలు కావాలట.
కింద ఉన్న ఛార్జింగ్ పోర్టు పైకి పోవాలట.

ఎందుకని నేను అడిగేలోపు బల్ల మీద కుడిచెయ్యి పెట్టాడు.
చూపుడు వేలూ నడిమి వేలూ లేవు.
పదకొండేళ్ల కిందట రేవులో క్రేన్ తాడు పట్టుకుపోయింది.
మిగిలిన ఉంగరం వేలినీ చిటికెన వేలినీ చూపించి
"వీళ్లు నా పనిలేని తమ్ముళ్లు,
వీళ్లకేదైనా ఉద్యోగం చూడు" అన్నాడు.

పోర్టు సంగతి వేరు.
రాత్రుళ్లు వెల్లకిలా పడుకుని
పొట్ట మీద ఆనించుకుని ఆడతాడు.
వైరు గుచ్చుకుంటుంది.

పది మరలు. తొమ్మిది మాట విన్నాయి.
పదోదాని తల అరిగిపోయింది;
రబ్బరు బ్యాండు ముక్క అడ్డం పెట్టి
ఊపిరి బిగబట్టి తిప్పాను.
లోపల ఎనిమిదేళ్ల దుమ్ము, రొట్టె పొడి,
దారి తప్పి ఎండిపోయిన ఒక చీమ.

చచ్చిపోయిన మౌసులోంచి రెండు స్విచ్చులు కోసి తీశాను.
తలవెంట్రుకంత తీగల చివర్లు గీకి
ఆవగింజలో సగం ఉండే చుక్కలకు టంకం వేశాను.
మొదటిసారి రెండు చుక్కలు కలిసిపోయాయి.
తెర మీద వీరుడు
దూకుతూ, దూకుతూ, గోడ లేనిచోట కూడా దూకుతూ,
నేను రాగి ఒత్తితో టంకం పీల్చేదాకా ఆగలేదు.

ఇక పోర్టు.
మనిషికైతే, బొడ్డు ఊడదీసి నడినెత్తిన కుట్టినట్టు.
ఐదు తీగలు: కరెంటుకు రెండు, కబుర్లకు రెండు,
ఒకటి ఊరికే చూస్తూ కూర్చుంటుంది.
బ్యాటరీని ఒరుసుకోకుండా అంచు చుట్టూ తిప్పి
పసుపు టేపు కింద నిద్రపుచ్చాను.
పై అంచును ఆకురాయితో గంటసేపు గీస్తే
ప్లాస్టిక్ పొడి టీ కప్పులో పడింది.
చూసుకోకుండా తాగేశాను.

ఆ గంటలోనే కిటికీలోంచి అసలు పోర్టు కనిపించింది,
వానలో తడుస్తూ, సగం ఖాళీగా.
అమ్మమ్మ నాన్న అక్కడ బస్తాల లెక్క రాసేవాడట.
పనామాలో కాలువ తవ్వాక
ఓడలు చాలావరకు దగ్గరిదారి పట్టాయి.
పోర్టు ఉన్నచోటే ఉంది,
రావలసిన వైర్లే వేరే చోట గుచ్చుకున్నాయి.
దీన్నుంచి ఏదో నీతి తీద్దామనుకున్నాను.
ఈలోగా టంకం చల్లారిపోయింది.

కింది పాత కన్నం పుట్టీతో పూడ్చాను.
నల్లటి ఒంటి మీద తెల్లగా, బొల్లి మచ్చలా.
తాతతో వచ్చిన రాయెన్ ఎవర్నీ అడక్కుండా
జేబులోంచి గోళ్లరంగు సీసా తీసి పూసింది.
ఊదా రంగు. రెండు పూతలు.
మధ్యలో ఉఫ్ ఉఫ్ అని ఊదుతూ.

ఎనిమిది వేల పెసోలు అడిగాను.
ఆరు వేలూ, కాగితంలో చుట్టిన చేపా ఇచ్చాడు.

వారం తర్వాత మెట్ల మీద ఎదురుపడ్డాడు.
చీకట్లో చెయ్యి ఇంకా వైరును కిందికే తీసుకుపోతోందట.
ఊదా మచ్చకు తల బాదుకుని
అప్పుడు గుర్తొచ్చి పైకెక్కుతుందట.

తర్వాత గొంతు తగ్గించాడు.
వెనక మీటల్లో ఒకటి
అప్పుడప్పుడు తనంతట తానే నొక్కుకుంటోందన్నాడు.
సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.
ఎక్కడో అతుకు సరిగా పట్టలేదు.
"తీసుకురండి, ఐదు నిమిషాల పని."

"వద్దులే.
వాన పడితే ఆ పోయిన వేళ్లు దురద పెడతాయి.
ఎక్కడ గోక్కోవాలో ఇన్నేళ్లుగా తెలీదు.
నిన్న రాత్రి నేను ముట్టుకోకుండానే
వాడు గోడ దూకాడు.
ఉండనీ" అని,
గొడుగు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని
నీళ్ల వెంట దిగిపోయాడు.