సున్నా రాయి

కాంప్లెక్సు దాటాక, సాలూరు లారీలు
హారను మొదలెట్టే చోట
పసుపు తల రాయి ఒకటుండేది.
ఒక పక్క సాలూరు, ఒక పక్క నాతవలస.
రోడ్డు వైపు ముఖం మీద మాత్రం
విజయనగరం, దాని కింద
సున్నా.

ఆ సున్నా రాసింది అసిర్నాయుడు మేస్త్రి.
రంగు డబ్బా పట్టుకున్నది నేను.
జూటుమిల్లు గేటుకి తాళం పడి
నాన్న పగలంతా ఇంట్లోనే ఉంటున్న ఏడాది.
రోజుకి అరవై రూపాయలు, రెండు టీలు.

"సున్నా అంటే కోడిగుడ్డు కాదురా గుంటడా.
పైన సన్నంగా మొదలెట్టి
కిందకొచ్చేసరికి బరువెక్కాల.
లారీవోడు మూడో గేరులో ఉండి సూస్తాడు.
సున్నా నిలబడాల, దొర్లిపోకూడదు."

అసలా రోజు పని సున్నా కాదు.
రోడ్డుకి నంబరు మార్చడం.
నలభై మూడు చెరిపి ఇరవై ఆరు వెయ్యాలి.
ఢిల్లీలో ఎవరో లెక్క తిరగరాశారట.
ఉప్పుకాగితంతో నాలుగుని గీకాను, మూడుని గీకాను,
గోళ్ళ నిండా పసుపు.
రాయికి అప్పటికే ఎవరో బొట్టు పెట్టారు.
పసుపు తల కనబడితే చాలు
మా వైపు ఆడవాళ్ళ చెయ్యి ఊరుకోదు.
ఎండిన బంతిపూలు, కాలిపోయిన అగరుపుల్లలు
మేస్త్రి ఏరి నా దోసిట్లో పోసి
"తొక్కకు" అన్నాడు. అంతే.

పనసతొనల గంగులమ్మ గంప దించి అడిగింది:
"ఏటి బావూ, రోడ్డుకి పేరు మార్సెస్తన్నారా?
ఏటి తప్పు సేసినాదది?"
కుంచె ఆపకుండానే మేస్త్రి
"తప్పు కాదమ్మా, వయసు తగ్గించినారు.
నలబైమూడుది ఇరవయ్యారైనాది."
ఆవిడ నవ్వింది, ఉన్న నాలుగు పళ్ళతో.
"మరి నాకెప్పుడు తగ్గిస్తారో సెప్పు,
ఆపీసుకి అర్జీ ఎట్టుకుంతాను."

మధ్యాహ్నమంతా మా వీపుల వెనక
ఘాటు దిగొచ్చిన లారీలు
కాలిన బ్రేకుల వాసనతో పోయాయి.
తెల్ల పొడి, చింతపండు, అల్లం బస్తాలు,
ఎవరివో, ఎవరికో.
ఊరి నడుమ నుంచి దేశం పోతుంటే
ఊరు రోడ్డు దాటడానికి నిలబడేది:
బడి పిల్లలు, పాల కేన్ల సైకిలు,
బూరాలు చంకలో పెట్టుకున్న బేండుమేళం,
పాడె మోస్తున్న నలుగురు.
వాళ్ళకి మాత్రం ఒక రాయపూర్ లారీ ఆగింది.
డ్రైవరు దిగలేదు. ఇంజిను ఆపాడు.
వెనక అన్నీ ఆగాయి.
రోడ్డు మీద చెప్పుల చప్పుడు వినబడింది.
ఆ రోడ్డు మీద, చెప్పుల చప్పుడు!

తర్వాత ఫ్లెక్సులొచ్చాయి.
మేస్త్రి చెయ్యి వణకడమూ అప్పుడే.
ఏది ముందో ఏది వెనకో నేను చెప్పలేను.
ఆఖరుసారి ఎత్తు బ్రిడ్జి దగ్గర చూశాను,
ఆటో వెనక 'అమ్మ దీవెన' రాస్తున్నాడు.
'న' తలకట్టు దగ్గర చాలాసేపు ఆగాడు.
నేను పలకరించలేదు. తలకట్టు పడ్డాక
పలకరిద్దామనుకున్నాను. సిగ్నలు పడిపోయింది.

మొన్న రోడ్డు వెడల్పు చేశారు.
గోడల మీద ఎర్ర గుర్తులు, తెల్లారేసరికి సగం కొట్లు.
మంగలి షాపులో కుర్చీ పోయింది, అద్దం మిగిలింది.
ఇప్పుడా అద్దంలో వరసగా లారీలు వస్తాయి,
ఒక్కటీ కూర్చోదు.

రాయిని జేసీబీ పెకలించి
కాలవ అవతల, టిఫిను బండి పక్కన దింపింది.
అడుగులో అడుగేసి కొలిచాను. పదకొండు.
అంటే విజయనగరం పదకొండు అడుగులు జరిగింది.
ఎవరికీ కబురు లేదు.

రాయి మీద స్టీలు ప్లేట్లు ఆరేశారు.
ఇరవై ఆరు పెచ్చులూడి, కింద
నేను సరిగ్గా గీకని నాలుగు
మెల్లగా పైకి తేలుతోంది.
సున్నా మాత్రం నిలబడే ఉంది.
పొద్దున్నే బండావిడ దాని మీద
చెంబుడు పసుపునీళ్ళు పోస్తుంటే
"అమ్మోరా?" అని అడిగాను.

"ఏమో బావూ.
బరువుగుంది కదాని
బండి దొర్లిపోకండా ఆనించుకున్నాను."