గుంపులో మూడో వరస

మార్కాపురం అవతల, మా పలకల గని కాడ
మూడు లారీల్లోంచి ఒక రాజ్యం దిగింది.
థర్మాకోలు కోట, అట్ట కిరీటాలు,
జనరేటరు నిండా ఉరుములు.

కథ మేనేజరు చెప్పాడు, బీడీ ఆర్పకుండానే.
ఆ దేశపు రాజు కాడ ఒక పలక ఉంటదంట.
దాని మీద పేరు రాసి తుడిచేస్తే
ఆ మనిషి ఉండడు.
చావడు. ఉండడు, అంతే.
పెళ్లాం పక్కన ఒక చాప ఖాళీగా ఉంటది,
అది ఎవరి చాపో ఆమెకు గుర్తుకు రాదు.

హీరోయిన్ గూఢచారి.
బలపాలమ్మే మనిషి వేషంలో కోటలో దూరి
ఆ పలక దొంగిలించాలి.
ఆ తర్వాత తిరుగుబాటు. అది మేం.
రోజుకు మూడొందల యాభై, ఒక పొట్లం పులిహోర.

నాకు నవ్వొచ్చింది.
ముప్పై రెండేళ్లు ఉలి పెట్టి రాయి చీల్చినదాన్ని,
తుడిచిన అక్షరం యాడికి పోతదో
నన్నడగాల సామీ.
యాడికీ పోదు.
కాసేపు ఎండలో మెరుస్తా గాల్లో నిలబడతది,
ఆనక ముక్కులోంచి దిగి
రొమ్ములో కూర్చుంటది.
మా ఏసోబు ఆఖరి ఆర్నెల్లూ కూర్చునే నిద్రపోయాడు.
కుర్ర డాక్టరు ఎక్స్‌రేని కిటికీకి పట్టి చూసి చూసి
"ఇదేందమ్మా, సుద్దతో రాసినట్టుంది" అన్నాడు.
చదవమన్నాను.
ఆయనకు ఆ రాత రాదు.

షూటింగు రోజు కోట ముందర నిలబెట్టి
నినాదం కాగితం ఇచ్చారు.
మంత్రభాషంట, "హ్రూం త్రాకా వేలిం" అంట,
హుస్సేన్‌బీ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.
అసిస్టెంటు పిల్లోడికి ఇసుగొచ్చింది.
"ఏదో ఒకటి అరవండక్కా, పెదాలాడితే చాలు,
గొంతులు హైదరాబాదులో పెట్టుకుంటాం."

ఏదో ఒకటి.
మాలాంటోళ్లతో అనాల్సిన మాటేనా అది?

మూడో వరసలో మొదలైంది.
"ఏసోబు" అన్నాను నేను.
"చినమస్తాను" అంది పక్కనామె.
ఎనకనుంచి ఎవరో ముసలాయన
"బాలగురవయ్య, ఇద్దరు కొడుకులు" అన్నాడు.
పేరెనక పేరు, రెండొందల నోళ్లు,
పరిహారం కాగితాల్లో క్షయ అని రాసి
తుడిచేసిన పేర్లు.
కెమెరా పట్టాల మీద మెల్లగా వచ్చింది,
పంక్తిలో వడ్డించేవాడిలా
ఒక్క విస్తరీ వదలకుండా.
డైరెక్టరు కళ్లొత్తుకుని
"ఏం నటించారమ్మా!" అన్నాడు.

బొమ్మ వానల్లో వచ్చింది.
గని గనంతా మొదటాటకే పోయాం.
ఆ పిల్ల గోడలెక్కింది, పలక తెచ్చింది,
నేలకేసి కొడితే అది గాజులాగా వెయ్యి ముక్కలైంది.
హాలంతా చప్పట్లు, మేం మాత్రం నాలుకలు చప్పరించాం.
పలక అట్టా పగలదు. పొరలుగా ఊడతది.

అప్పుడు మేం వచ్చాం.
బాకాలు, ఎవరివో గొంతులు, త్రాకా వేలిం.
నోళ్లు మాత్రం మావి.
చీకట్లో ఎవరో గుసగుసగా "చినమస్తాను" అని చదివారు.
ఇంకెవరో ఇంకో పేరు.
కుర్చీ కుర్చీకీ పాకింది.
పదకొండు సెకన్లని లెక్కగట్టాడు హుస్సేన్‌బీ మనవడు.
ఎనక కూర్చున్న టౌనోళ్లు "ష్" అన్నారు.

ఇప్పుడది కనిగిరిలో ఆడతంది, ఒంగోల్లో ఆడతంది,
నేను పేరు పలకలేని ఊళ్లల్లో కూడా.
సెన్సారోళ్లు ముద్రేసి మరీ పంపారు.
మంత్రమనుకుని జనం ఈలలేస్తన్నారంట.
ఎయ్యనీ.

మీ ఊరికి వస్తే,
కోట కూలేటప్పుడు కోటకేసి చూడొద్దు.
మూడో వరస, ఎడమనుంచి నాలుగో మనిషి.
తలకు పచ్చ గుడ్డ, అది వాళ్లిచ్చిందే.
పెదాలు ముందు సాగుతయ్,
ఆనక గుండ్రంగా తిరుగుతయ్,
చివర్న ఒక్కసారి కలుసుకుని
విడిపోతయ్.